చిన్నాయన ఆటకి నేను కలిపిన అంచు

నాకు ఇరవై ఏళ్ళున్న ఆ రోజుల్లో, దేవుడు చేసిన ప్రతిదీ రెండు పక్కలా ఒకేలా ఉంటుందని గట్టిగా నమ్మేదాన్ని. రెండు కళ్ళు, రెండు చెవులు, రెండు చేతులు. తమలపాకు తీసుకుంటే నడుమ ఈనె, దానికి అటూ ఇటూ ఒకే వంపు. (గుండె మాత్రం ఒక పక్కకే ఉందన్న సంగతి నాకు ఎవరూ గుర్తు చేయలేదు. చేసినా, రెండో పక్కన ఉన్నది మన కంటికి ఆనదేమో అని సర్దుకుని ఉండేదాన్ని.) నేత నేసే ఇంట్లో పుట్టిన పిల్లకి ఇంకోలా తోచే దారి లేదు. తిరుత్తణి కొండ కనపడేంత దూరంలో మా వీధి. ఆ వీధిలో మా నాయన నేసే చీరకి కుడి అంచులో నెమలి ఉంటే ఎడమ అంచులోనూ నెమలి ఉండి తీరాలి. ఇది తల తిప్పితే అదీ తిప్పాలి. అంచు కలవని చీరని ఎవరూ తిట్టరు కూడా. ఊరికే చూసి, మడిచి, పక్కన పెడతారు. మా ఇళ్ళలో అంతకంటే పెద్ద అవమానం లేదు.

నేను బడి ముఖం పెద్దగా చూసినదాన్ని కాదు. ఏడో ఏట కీళ్ళ జ్వరం పట్టుకుని రెండేళ్ళు మంచం దిగనివ్వలేదు. దిగాక బడికి పోవడానికి నాకు సిగ్గు, పంపడానికి అవ్వకి, అంటే నాయన తల్లికి, భయం. అందుకని నాయనే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేత ఆపకుండానే తెలుగు అక్షరాలు నేర్పాడు. మా వీధిలో నా ఈడువాళ్ళంతా తమిళం గడగడా చదువుతారు. తెలుగు మాట్లాడతారుగానీ చదవలేరు. నాకు మాత్రం తెలుగు చదవడం వచ్చింది, లెక్కలు వచ్చాయి, అవ్వ దగ్గర దేవుడి పాటలు వచ్చాయి, అన్నిటికంటే బాగా గ్రాఫు కాగితం మీద అంచుల డిజైన్లు ఎత్తిరాయడం వచ్చింది. ఆ జ్వరానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అది రాకపోతే ఈ చేతికి ఆ పని వచ్చేది కాదు. (ఆ పని రాకపోతే మా చిన్నాయనకి ఆ కష్టమూ వచ్చేది కాదు. ఇప్పుడు చెప్పబోయేది అదే.) ఎత్తిరాసే పనిలో ఒక పద్ధతి ఉంది. డిజైన్ గీసే పెద్దవాళ్ళు ఎప్పుడూ ఒక పక్కే పూర్తిగా గీస్తారు, రెండో పక్క ఏదో రెండు గీతలు గీకి వదిలేస్తారు. ఎత్తిరాసేవాళ్ళే దాన్ని తిప్పి వేసుకుని పూర్తి చేయాలి. ఇది ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అన్నంలో ఉప్పు వేయమని ఎవరైనా చెబుతారా, అలాగే.

చిన్నాయన అంటే మా నాయనకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆరడుగుల పైన ఎత్తు, దానికి తగిన వెడల్పు. మగ్గం గుంటలో ఆయన మోకాళ్ళు పట్టేవి కావు. ఎలాగో మడిచి పట్టించినా నేసిన అంచులు కలిసేవి కావు. కుడి పక్క నెమలి ఉంటే, ఎడమ పక్క ఆ నెమలిని మింగి పడుకున్న జంతువేదో ఉండేది. అలాంటి మనిషి బడిలో ఇనుప గుండు విసరడంలో పేరు తెచ్చుకుని, ఆ గుండు పుణ్యాన కాలేజీలో చేరి, ఒకరోజు ఇంటికొచ్చి, అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ ఆడే జట్టులోకి తనని జీతానికి తీసుకున్నారని చెప్పాడు. మన దేశంలోనే అలాంటి పోటీలు ఎవరో కొత్తగా మొదలుపెట్టారట. వీధిలో ఎవరూ నమ్మలేదు. కాలితో తన్నని ఫుట్‌బాల్ ఏమిటన్నారు. బంతి గుండ్రంగా ఉండదనీ, రెండు కొసలూ సన్నగా అచ్చం మన నాడెలాగే ఉంటుందనీ చెప్పాక కొంచెం నమ్మారు. (నాడె అంటే మగ్గంలో పడుగు పోగుల నడుమ అటూ ఇటూ పరిగెత్తే చిన్న చెక్క పడవ, పేక నూలు దాని కడుపులో ఉంటుంది.) తమ్ముడు నాడెలాంటిదాన్నే పట్టుకుంటున్నాడు కాబట్టి కులవృత్తి బొత్తిగా వదల్లేదని నాయన సంతోషపడ్డాడు.

ఆ ఏడాది ఆడిన ఆటలన్నీ చిన్నాయన పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చి ఒక ఆదివారం మధ్యాహ్నం మా టీవీలో వేశాడు. వీధి వీధంతా మా ఇంట్లోనే. తెర మీద అందరికీ ముఖాలకి ఇనుప జాలీలు, భుజాల కింద దిండ్లు. ఎవరు ఎవరో తెలియదు. చిన్నాయన వేలు పెట్టి తనని తాను చూపిస్తూ పోయాడు. బంతి ఎక్కడుందో అక్కడ ఆయన లేడు. ఆయన ఎక్కడున్నాడో అక్కడ ఇద్దరో ముగ్గురో నేల మీద పడి ఉన్నారు. గంటన్నర కళ్ళార్పకుండా చూశాక అవ్వ మెల్లగా నోరు విప్పింది.

“ఒరే చిన్నోడా, నీకు ఎవురూ బంతి ఇయ్యలేదేరా?”

“నా పని బంతి పట్టేది కాదుమా. బంతి పట్టినోడి మింద ఎవురూ వొచ్చి పడకుండా అడ్డం నిలబడేది.”

“ఏడాదంతానా?”

“ఏడాదంతా.”

అవ్వ తలూపింది. “అంటే వాచ్‌మేన్ ఉద్యోగం,” అంది. “పరవాలేదులే. యూనిఫాం బాగుండాది.”

ఆయన ఆట ఆ ఒక్క ఏడాదే సాగింది. మైదానంలో ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదు. అంత క్షేమంగా గడిచినందుకు మొక్కు తీర్చుకుందామని తిరుత్తణి కొండకి పోయి, మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ పైదాకా ఎక్కి, స్వామిని చూసుకుని, దిగుతూ దిగుతూ అట్టడుగు మెట్టు మీద తాను పెట్టిన పసుపు మీద తానే కాలు వేసి, జారి, మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఎవరూ స్వామిని ఒక్క మాట అనలేదు. అడుగు మెట్టు కాబట్టి మోకాలితో పోయింది, అదే పై మెట్టయి ఉంటే ఏమయ్యేదని అవ్వ కర్పూరం వెలిగించింది. అవ్వ భక్తి ఊరికే పోలేదు. మరుసటి ఏడు ఆ పోటీలే మూతపడ్డాయి. కాళ్ళు బాగున్నవాళ్ళంతా కారణం చెప్పుకోలేక ఇళ్ళలో కూర్చుంటే, మా చిన్నాయనకి మాత్రం కాలు విరిగిందని గౌరవంగా కూర్చునే వీలు దొరికింది.

కాలు కుదురుకున్నాక తిరువళ్ళూరులో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు ఆయన్ని కోచ్‌గా పిలిచారు. ఆడపిల్లలు ఆడే పద్ధతిలో తోపులాట లేదు, దిండ్లు లేవు. జట్టుకి ఐదుగురు. నడుముకి రెండు పక్కలా రిబ్బన్లు వేలాడుతుంటాయి. (రెండు పక్కలా అని వినగానే నాకు ఆ ఆట మీద అభిమానం పుట్టింది.) బంతి పట్టుకుని పరిగెత్తే పిల్ల రిబ్బన్ను అవతలివాళ్ళు లాగేస్తే ఆమె అక్కడికి ఆగిపోవాలి. ఎవరూ లాగకముందే మైదానం చివర గీత దాటితే ఆరు పాయింట్లు. అంతే ఆట. ఆ కాలేజీని నడిపే కరస్పాండెంటు తెల్ల చొక్కా నలగనివ్వని మనిషి, చెవి దగ్గరనుంచి ఫోన్ దించని మనిషి. ఆయన మనసంతా త్రోబాల్ మీద. ఎవరో చెప్పారని ఈ ఆట మొదలుపెట్టి, ఆరు నెలలు చూసి, విసిగిపోయి, చిన్నాయనని పిలిచి తమిళంలో తేల్చి చెప్పేశాడు. వచ్చే నెల మద్రాసునుంచి ఒక కాలేజీ జట్టు మన మైదానానికి వస్తోంది, గెలవమని నేను అడగను, మన పిల్లల్లో ఒక్కతి ఒక్కసారి ఆ గీత దాటితే చాలు, దాటకపోతే నువ్వు వేరే పని చూసుకో, ఇక్కడ మళ్ళీ త్రోబాల్ నెట్టు కట్టిస్తాను అన్నాడు. ఆ వేరే పని అప్పటికే సిద్ధంగా ఉంది. తిరునిన్రవూరు దగ్గర ఒక గోడౌన్‌కి ఒడ్డూ పొడుగూ ఉన్న వాచ్‌మేన్ కావాలని తెలిసినవాళ్ళు కబురు పెట్టి ఉన్నారు. టీవీ ముందు అవ్వ అన్న మాట అందరికీ గుర్తొచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చిన్నాయన అన్నం పళ్ళెం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే పట్టుకుని నాయనతో అన్నాడు: “ఈ పిలకాయలకి నేర్పించేది ఒకటే నాకు సరిగ్గా వొచ్చిన పని అన్నా. ఇదీ పోతే, నేను దేనికీ పనికిరానని తేలిపోతాది.”

ఐదుగురిలో ఇద్దరి గురించి చెప్పాలి. బంతి విసిరే పని కెప్టెన్‌ది. ఆమెది వెంగల్ అనే పల్లె, వరి పండించే ఇల్లు. నాట్లప్పుడు గట్టు మీద నిలబడి నారు కట్టల్ని మడి మధ్యలో ఎవరి చేతికి కావాలంటే వాళ్ళ చేతి దగ్గర పడేలా విసిరి పెరిగిన పిల్ల. ఆమె చెయ్యి చూసే చిన్నాయన జట్టు కట్టాడు. ఆ చేతికి తగ్గ వినయం ఆమెది. సార్ చెప్పకపోతే తుమ్మేది కూడా కాదు. రెండో పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. తిరువళ్ళూరులోనే మెస్ నడిపే ఆవిడ కూతురు. కుడి పక్క చివర నిలబడేది. ఎంత చిన్నదంటే రిబ్బన్లు మోకాళ్ళ దాకా వేలాడేవి. ఆమెకి ఎవరూ బంతి వేసేవాళ్ళు కారు. పిల్లలందరికీ చిన్నాయన ఆరు నెలలు ఒకటే మంత్రం నూరిపోశాడు: కాగితంలో ఏది ఉంటే అదే చెయ్యండి, సొంత తెలివి వద్దు.

ఆట వారం రోజులుందనగా చిన్నాయన మద్రాసు పోయి ఆ జట్టు ఆట చూసొచ్చి, వాళ్ళని తప్పించుకునే ఎత్తులు ఎనిమిది ఆలోచించాడు. అభ్యాసం చేయించుదామంటే వాన పట్టుకుంది. మైదానంలో మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళలో కప్పలు. అప్పుడాయనకి ఒక ఉపాయం తోచింది. ఎనిమిది ఎత్తుల్నీ అరచేయంత కార్డుల మీద ఎక్కించి, పిల్లల మణికట్టుకి కట్టేస్తే, నంబరు పిలవగానే చూసుకుని పరిగెత్తుతారు. పెద్ద జట్లలో అలాగే చేస్తారట. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిలుతో గీసి నా దగ్గరికి తెచ్చాడు. సున్నాలు పిల్లలు, గీతలు వాళ్ళు పరిగెత్తే దారులు, చుక్కల గీత బంతి పోయే దారి. “అట్లనే ఎత్తి రాయి పాపా,” అన్నాడు. “ఒక గీత కూడా తగ్గకూడదు.” నాకు అంతటి పని ఎవరూ అప్పగించి ఎరుగరు. స్నానం చేసి, దీపం పెట్టి, మురుగా నీదే భారం అని కూర్చున్నాను.

మొదటి ఎత్తు బాగానే ఉంది. ఎడమ పిల్లా కుడి పిల్లా ఒకేలా పరిగెత్తుతున్నారు. రెండోది చూసి నాకు చెమటలు పట్టాయి. ఎడమ పక్క గీత నిలువునా పోయి అందంగా లోపలికి వంగింది, దాని కొసకి చుక్కల గీత. కుడి పక్క మాత్రం రెండంగుళాల వంకర గీత ఒకటి గీకి వదిలేశాడు. మూడోదీ అంతే. ఎనిమిదోదాకా అంతే. అయ్యో, ఈయనకి ఇప్పటికీ అంచు కలపడం రాలేదే అనుకున్నాను. మరుక్షణమే, కాదు, పెద్దవాళ్ళ పద్ధతిలో ఒక పక్కే గీసి రెండో పక్క నాకు వదిలాడు అనుకున్నాను. ఎటు తిరిగినా చేయాల్సిన పని ఒకటే. కుడి పక్క వంకర గీతలన్నీ చెరిపి, ఎడమ పక్కదాన్ని తిప్పి వేశాను. ఎడమ నిలువుగా పోతే కుడీ పోయింది, వంగితే వంగింది. చుక్కల గీత ఒక పక్కే ఉంటే కంటికి బాగుంటుందా? రెండో పక్కకీ వేశాను. ఐదు కార్డులు, కార్డుకి ఎనిమిది మడతలు, మడతకి ఒక ఎత్తు. మిగిలిన అంచు గుడ్డతో మణికట్టు పట్టీలు కుట్టి, ప్లాస్టిక్ కాగితం అతికించి, అన్నీ దేవుడి పటం ముందు పెట్టాను. ఆయన తప్పు నలుగురికీ తెలియకుండా దిద్దే భాగ్యం నా చేతికి ఇచ్చావు స్వామీ అని దండం కూడా పెట్టుకున్నాను. (ఆ దండం స్వామి ఏ ముఖం పెట్టుకుని అందుకున్నాడో.)

ఆట రోజు పొద్దున తిరుత్తణిలో ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కాక చిన్నాయన చేతికి కార్డులు ఇచ్చాను. పైన కనిపించింది మొదటి ఎత్తు, అంటే అసలే అంచు కలిసి ఉన్నది. దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. “నా గీత ఇంత అందంగా వుంటాదని నాకే తెలీదు పాపా,” అన్నాడు. కళ్ళు తడయ్యాయి. రెండోది చూడకుండానే జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. నేను మనసులో తిరువళ్ళూరు వీరరాఘవ స్వామికి ఉప్పూ మిరియాలూ సమర్పిస్తానని మొక్కుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. మొక్కు ఒకటి వేసి ఉంచితే మంచిదే కదా అని.

వాన వెలిసింది గానీ మైదానం వానని మరిచిపోలేదు, అడుగు వేస్తే చెప్పు లోపలే ఉండిపోయేది. మద్రాసు పిల్లలు ఒకే రంగు బూట్లు, ఒకే రంగు నీళ్ళ సీసాలు పట్టుకుని దిగారు. కరస్పాండెంటు షామియానా కింద కుర్చీలో కూర్చున్నాడు. గెలిచిన జట్టు కోచ్‌కి కప్పడానికి పక్కనే పళ్ళెంలో జరీ శాలువ. ఆట మొదలైంది. చిన్నాయన గట్టు మీద నిలబడి మూడు అని వేళ్ళు చూపించాడు. కెప్టెన్ బంతి అందుకుని మణికట్టు చూసుకుంది. బంతి ఎడమకీ పోవాలి, కుడికీ పోవాలి. అటు ఒక పిల్ల చేతులెత్తి పరిగెత్తుతోంది, ఇటు పిచ్చుక చేతులెత్తి పరిగెత్తుతోంది. కెప్టెన్ అటు చూసింది, ఇటు చూసింది, కార్డు చూసింది. ఈలోగా వాళ్ళొచ్చి తాపీగా రిబ్బన్ లాక్కుపోయారు. తరవాత ఐదు పిలిచాడు. ఈసారి ఆమె ఎవరినీ నొప్పించకుండా ఇద్దరికీ సరిగ్గా నడుమ విసిరింది. అక్కడ ఒక బురద గుంట తప్ప ఎవరూ లేరు. ఆ తరవాత ఏడు. కెప్టెన్ బంతి పట్టుకుని నేరుగా రెఫరీ దగ్గరికి నడిచిపోయి, చేతులు కట్టుకుని, ఇంకో బంతి ఇప్పించమని తమిళంలో వినయంగా అడిగింది. కార్డులో రెండున్నాయి సార్ అని చూపించింది కూడా. రెఫరీ కార్డు చూశాడు, ఆమెని చూశాడు, ఈల నోట్లోనే పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. ఆట సగానికి వచ్చేసరికి వాళ్ళకి ఇరవై పైన, మాకు సున్నా. త్రోబాల్ నెట్టు కొలతలు తెచ్చారా అని కరస్పాండెంటు ఎవరినో ఫోన్‌లో అడగడం నాకు వినిపించింది.

విరామంలో చిన్నాయన ఒక పిల్ల మణికట్టు పట్టుకుని కార్డు తిరగేశాడు. రెండు, మూడు, నాలుగు. ఎనిమిదోదాకా చూశాడు. తరవాత నన్ను చూశాడు.

“పాపా, ఇదేంది?”

“అంచు కలవలేదు చిన్నాయనా,” అన్నాను. “నేనే కలిపినా.”

ఆయన బురదలోనే కూర్చుండిపోయాడు. అంత పెద్ద మనిషి అలా కూర్చుంటే గట్టు కొంచెం కుంగినట్టనిపించింది. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“తప్పనిపిస్తే నన్ను అడగొచ్చు కదా పాపా.”

“అడిగితే నువ్వు బాధపడతావని.”

“మీ నాయనా ఇట్లనే,” అన్నాడు నేల చూస్తూ. “నేను మగ్గం దిగి పండుకున్నాక, నేను నేసిన అంచు విప్పి మళ్ళీ నేసేవోడు. చెప్పేవోడు కాదు. బాగానే నేస్తావుండానని నేననుకుంటా వుంటిని. ఒకరోజు కంటపడింది. ఆ పొద్దే నాడె కింద పెట్టేస్తిని.”

నాకు అది తెలియదు. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అంత టైము లేదని ఊరుకున్నాను. ఆయన ఆ కార్డునే ఇంకా చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ మెడ ఒక పక్కకి వంచాడు. తరవాత రెండో పక్కకి వంచాడు. లేచి నిలబడి పిల్లల్ని పిలిచాడు. “కార్డు కార్డు మాదిరే వుండనీ. ఇద్దురూ పరిగెత్తండి. కెప్టెన్, వాళ్ళు యాడ తక్కువ మంది వుంటే ఆడికి ఎయ్యి. నారు కట్ట ఎట్ల ఏస్తావో అట్ల. ఇప్పుడు మాత్రం నీ సొంత తెలివే.”

కెప్టెన్ కార్డు ఇంకోసారి చూసుకుని, “అంటే రెండో బంతి వద్దా సార్?” అంది.

“ఒకటే చాలు తల్లీ.”

అయినా వెంటనే ఏమీ జరగలేదు. ఆరు నెలలు వద్దన్న తెలివి పిలవగానే వస్తుందా. రెండుసార్లు బంతి గట్టు మీద మా మధ్యలో పడింది. ఒకసారి షామియానా తాడుకి తగిలింది. మద్రాసు పిల్లలు ఇంకా రెండుసార్లు గీత దాటారు. ఆఖరికి ఇక నిమిషాలే మిగిలాయనగా చిన్నాయన మళ్ళీ మూడు చూపించాడు. ఎడమ పిల్ల పొడుగు, బాగా పరిగెత్తుతుంది. వాళ్ళు ముగ్గురు ఆమె వెంట పడ్డారు. పిచ్చుకని ఎవరూ పట్టించుకోలేదు. ఇంతసేపూ ఊరికే చేతులెత్తుకుని పరిగెత్తిన పిల్లే కదా, ఇప్పుడు మాత్రం ఏం చేస్తుందని. కెప్టెన్ కార్డు చూసుకోలేదు. నడుము కొంచెం వంచి, పొలం గట్టు మీద నిలబడినట్టు నిలబడి విసిరింది. నాడె పడుగులోంచి పోయినట్టు బంతి గాలిలో పోయి పిచ్చుక పొట్టకి తగిలింది, ఆ పిల్ల రెండు చేతులతో, గడ్డంతో, మోకాళ్ళతో దాన్ని పట్టేసుకుంది. పరిగెత్తింది. గీత దాటింది. ఎక్కడ ఆగాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు (ఆమెకి బంతి వస్తుందని ఎవరనుకున్నారు), అందుకని కాంపౌండు గోడ దాకా పరిగెత్తి, గోడని ముట్టుకుని అప్పుడు వెనక్కి చూసింది. చిన్నాయన అసలు కాగితంలో ఆ పిల్లకి ఉన్నది రెండడుగులు కదిలి నిలబడమనే రెండంగుళాల వంకర గీతే. అది చెరిపినదాన్ని నేనే కదా అని నాకు మెల్లగా గుర్తొచ్చింది.

అయితే ఆ సమయానికి కరస్పాండెంటు ఫోన్‌లో ఉన్నాడు, మాకు వీపు పెట్టి. తిరిగేసరికి అందరూ ఎగురుతున్నారు. మళ్ళీ మద్రాసువాళ్ళే కొట్టారనుకుని నిట్టూర్చాడు. ఆట ముగిసింది, ముప్పై ఆరుకి ఆరు. మనవాళ్ళు ఒకసారి దాటారు సార్ అని చిన్నాయన చెబితే, ఆయన ముఖంలో నమ్మకం ఏ మూలా కనపడలేదు. బోర్డు మీద ఆరు రాసి ఉందని చూపిస్తే, అది పొరపాటున రాసి ఉంటారన్నాడు. చిన్నాయన సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. నేను వీరరాఘవ స్వామికి మొక్కుకున్న ఉప్పు కొలత రెట్టింపు చేశాను.

అప్పుడు మద్రాసు జట్టు కోచ్ వచ్చాడు. టోపీ పెట్టుకున్న పెద్దాయన. నేరుగా చిన్నాయన దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, ఆఖరున మా పిల్లల్ని బోల్తా కొట్టించి గీత దాటించావే, రెండు పక్కలా ఒకేలా పరిగెత్తించే ఆ ఎత్తు ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరిని కాపలా కాయాలో మావాళ్ళకి దిక్కు తోచలేదు అన్నాడు. మొదటి సగమంతా కావాలనే తెలివితక్కువగా ఆడించి మమ్మల్ని ఏమార్చావు అని కూడా మెచ్చుకున్నాడు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను మైదానంలో కప్పని చూశాను. “అది మా ఇంటి డిజైన్ సార్,” అన్నాడు. పక్కనే నిలబడి విన్న కరస్పాండెంటు మొదటిసారి ఫోన్ జేబులో పెట్టాడు. మద్రాసు కోచే తనకి రావాల్సిన శాలువని పళ్ళెంలోంచి తీసి చిన్నాయనకి కప్పాడు. అది ఒక భుజం కప్పితే రెండో భుజానికి చాలలేదు. త్రోబాల్ నెట్టు కొలతలు ఎవరూ మళ్ళీ అడగలేదు.

తిరుగు ట్రైనులో చిన్నాయన ఒళ్ళో బంతి ఉంది. పిల్లలు బురద తుడిచి ఆయనకి ఇచ్చారు. తిరుత్తణి దాకా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. ఇంటికి పోయాక అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కొసలు రెండూ ఒకేలా ఉన్నాయని తృప్తిపడి, కుంకుమ బొట్టు పెట్టింది. “ఇన్నాళ్ళకి నీకు ఇచ్చినారా నాయనా,” అంది. నాయన కార్డు ఒకటి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూసి, బాగా కలిపినావని నన్ను మెచ్చుకోబోయి, తమ్ముడి ముఖం చూసి ఆగిపోయాడు.

పన్నెండేళ్ళయింది. చిన్నాయన ఇంకా అదే మైదానంలో ఉన్నాడు. పిచ్చుక ఇప్పుడు ఆయనకి అసిస్టెంటు; పిల్లలు ఎక్కడ ఆగాలో ఆమే నేర్పుతుంది. నేను డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తున్నాను. ఒక పక్క గీసి మీట నొక్కితే రెండో పక్క అదే తిప్పి వేస్తుంది. నొక్కేముందు ఆ మీట మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగుతాను, ఆ కంప్యూటర్‌కి నా కథ చెప్పాలనిపించి. ఆ పెన్సిలు కాగితాలు ఎనిమిదీ నా దగ్గరే ఉన్నాయి. ఈ ఏడే నాయన మగ్గం మీద చిన్నాయనకి ఒక వెడల్పాటి తుండు నేశాను, రెండు భుజాలకీ చాలేట్టు. ఒక అంచులో నిలువుగా పోయి లోపలికి వంగే గీత. రెండో అంచులో పొట్టి వంకర గీత, అచ్చం ఆయన గీసినట్టే. అది నేస్తున్నన్ని రోజులూ నా చెయ్యి ఎన్నిసార్లు దిద్దబోయిందో స్వామికే తెలుసు.

మొన్న ఆడికృత్తిక పండగకి కొండ మీద చిన్నాయన ఆ తుండు వేసుకుని వరుసలో నిలబడి ఉంటే, మా వీధి పెద్ద నేతగాడొకాయన వెనకనుంచి కొస పట్టుకుని చూసి, ఇది ఎవురు నేసినారప్పా, అంచు కలవలేదే అన్నాడు. నేను రెండడుగుల వెనకే ఉన్నాను.

“మా అన్న కూతురు,” అన్నాడు చిన్నాయన వెనక్కి తిరక్కుండానే. “కలపకుండా నేసేది నేర్చుకునేదానికి దానికి పన్నెండేండ్లు పట్టింది, మామా.”

పెద్దాయనకి ఏమీ అర్థం కాలేదు. ఆ తుండు కొసని మడిచి, పాపం అనుకుంటూ, అంచు కనపడకుండా చిన్నాయన భుజం మీద సర్దాడు. ఆయన అటు తిరగగానే నేను ముందుకి జరిగి దాన్ని మళ్ళీ బయటికి లాగాను. తప్పు కనపడకూడదని కళ్ళు మూసుకుని దండం పెట్టిన ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఆ వరుసలో ఎక్కడో నా పక్కనే నిలబడి ఉన్నట్టనిపించి, నవ్వొచ్చింది.